టిమిన్స్‌లో నా పీఆర్: ఒక్క సంతకం కోసం పడ్డ పాట్లు

పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, చేతికొచ్చింది. ఊరు ఉత్తర ఒంటారియోలోని టిమిన్స్. టొరంటోకి దాదాపు 700 కిలోమీటర్లు, బంగారు గనుల ఊరు, జనాభా నలభై వేల పైచిలుకు. నేను అప్లై చేసింది ఆర్‌ఎన్‌ఐపీ కింద, అంటే చిన్న ఊళ్లలో ఉద్యోగం దొరికినవాళ్లకు పీఆర్ ఇచ్చే పథకం. ఐఈఎల్‌టీఎస్, కాలేజీ పట్టా, బ్యాంకు కాగితాలు ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

ఆగింది ఉద్యోగమిచ్చినవాళ్ల సంతకం దగ్గర. పర్మనెంట్ ఉద్యోగమని వాళ్లు ఫారం మీద సంతకం పెడితేనే కమ్యూనిటీ రికమెండేషన్, అంటే ఊరి తరఫు సిఫారసు, అడగగలం. మా మేనేజర్ చదవకుండానే ఫారం పక్కకు నెట్టాడు. తోటివాళ్లందరూ వింటుండగా, "పీఆర్ రాగానే మీరంతా టొరంటో బస్సెక్కేస్తారు. మీరు ఈ ఊరివాళ్లు కారు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఊరివాళ్లంటే ఎవరు? 1909లో పోర్క్యుపైన్‌లో బంగారం బయటపడ్డాక పుట్టిన ఊరిది. హోలింజర్ గనిలోకి దిగింది ఫిన్లాండ్, ఉక్రెయిన్, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు. పక్కనే షూమాకర్ నిండా క్రొయేషియావాళ్లు. 1928లో ఆ హోలింజర్‌లోనే మంటలు లేచి 39 మంది ప్రాణాలు పోయాయి. వీళ్లందరికంటే ముందునుంచీ ఈ నేల ఒజిబ్వే, క్రీ జనానిది. ఎవరు ఊరివాళ్లో అడిగే హక్కుంటే వాళ్లకుంది. నేను గోదావరిఖని బిడ్డను. మా నాన్న సింగరేణిలో బాయి పని చేశాడు. మా గల్లీలో ఒక్కో ఇల్లు ఒక్కో జిల్లాది. గని ఊరికి మనుషులు ఎలా చేరతారో నాకు ఒకరు చెప్పాలా?

మా ఇంటి ఓనరు పెద్దావిడ ఈ సంగతి విని మండిపడింది. వాళ్ల తాత క్రొయేషియా నుంచి మెకింటైర్ గనికి వచ్చినవాడే. తనకు తెలిసిన షాపులో నాకు పని ఇప్పించింది. అక్కడి యజమాని ఫ్రెంచ్ మాట్లాడే ఆవిడ, ఫారం పూర్తిగా చదివి అప్పుడే సంతకం పెట్టింది. ఆ తర్వాత రికమెండేషన్ సాఫీగా వచ్చింది.

రాబోయేవాళ్లకు చెప్పేదొక్కటే. ఆర్‌ఎన్‌ఐపీ 2024తో ముగిసింది. దాని తర్వాత 2025లో మొదలైన ఆర్‌సీఐపీ అనే అలాంటి పథకంలోనూ టిమిన్స్ ఉంది, కానీ ముందే గుర్తింపు పొందిన యజమాని ఇచ్చే ఉద్యోగమే అందులో చెల్లుతుంది. ఆ గుర్తింపు ఉందో లేదో, సంతకం పెడతారో లేదో చేరకముందే అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. కన్సల్టెంట్లకు పోసే డబ్బుతో ఫ్రెంచ్ నేర్చుకోండి. ఇక్కడ దాదాపు ముగ్గురిలో ఒకరి మాతృభాష అది, పైగా ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు పీఆర్ కోసం ఎఫ్‌సీఐపీ అని వేరే పథకమే ఉంది.