కొజుమెల్ రేవులో థాంక్స్‌గివింగ్ గురువారం

నవంబరు నాలుగో గురువారం, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. ఆదివారం టెక్సస్ రేవు గాల్వెస్టన్‌లో బయలుదేరిన విహార ఓడ నిన్న హోండురాస్ దీవి రోఅటాన్‌లో ఆగి, ఈ రోజు మెక్సికో దీవి కొజుమెల్ చేరింది. ఒడ్డున మెక్సికో వాళ్ళకి ఇది మామూలు పనిరోజు. దుకాణాలు తెరిచే ఉన్నాయి, టాక్సీలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఓడలో మాత్రం పొద్దున్నుంచీ అమెరికా పండగే. లిఫ్టుల దగ్గర గుమ్మడికాయలు, ఎండు మొక్కజొన్న కంకులు పేర్చారు. రాత్రి మెనూ కార్డు మధ్యాహ్నానికే డైనింగ్ రూమ్ బయట పెట్టేశారు.

ఈ వారంలో అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఓడెక్కడానికి కారణం సెలవుల లెక్క. గురు, శుక్రవారాలు చాలా ఆఫీసులకి సెలవు, టెక్సస్‌లో చాలా బళ్ళకి వారమంతా సెలవు. మూడు రోజులు సెలవు పెట్టుకుంటే అటూ ఇటూ శనాదివారాలతో కలిపి తొమ్మిది రోజులు దొరుకుతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ, అత్తమామల్నీ కూడా తీసుకొస్తారు. పండగ సంగతి తెలియకుండా ఓడెక్కిన శాకాహారులైన పెద్దవాళ్ళకి గురువారం రాత్రి బల్ల మీద తినడానికి రొట్టె, సలాడు తప్ప ఏమీ మిగలకపోవడం చూస్తే బాధగా ఉంటుంది. వంటవాళ్ళది తప్పు కాదు. ఈ భోజనం ముందురోజు రాత్రే నిర్ణయమైపోతుంది. అడగాల్సింది బుధవారం భోజనాల బల్ల దగ్గర.

ఎందుకో వంటశాల లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ పండగకి కాల్చే 20 పౌన్ల టర్కీ కోడి గడ్డకట్టి వస్తుంది. దాన్ని చలిగదిలోనే కరగనివ్వాలి. ప్రతి 4 - 5 పౌన్లకి ఒక పూర్తి రోజు లెక్కన, 20 పౌన్ల పక్షికి నాలుగైదు రోజులు పడుతుంది. అంటే ఈ రాత్రికి కోసే పక్షిని ఓడ బయలుదేరిన ఆదివారమే ఫ్రీజర్‌లోంచి తీసి ఉండాలి. తొందరపడి బయట పెడితే పైచర్మం వెచ్చబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. లోపల ఇంకా మంచు ఉండగా పొయ్యిలో పెడితే రొమ్ము మాంసం ఎండిపోతుంది, తొడ కీలు దగ్గర పచ్చిగానే ఉంటుంది. మాంసం మధ్యలో 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్ రావాలి. అక్కడికి వచ్చేసరికి కొవ్వు తక్కువున్న రొమ్ము తడి కోల్పోతుంది, కొవ్వు ఎక్కువున్న తొడ మెత్తగానే నిలుస్తుంది. అందుకే కోసి వడ్డించేచోట అడిగి మరీ తొడమాంసం తీసుకోవాలి. అమెరికన్లు 'డార్క్ మీట్' అంటారు. మొదటిసారి తినేవాళ్ళకి రొమ్ము ముక్క పెట్టి 'టర్కీ ఇంతే, చప్పగా పీచులా ఉంటుంది' అనిపించడం అన్యాయం. హలాల్ కావాల్సినవాళ్ళు మాత్రం ఇది హలాల్ అనుకోకూడదు. ఆ మాట బుకింగ్ అప్పుడే చెప్పుకోవాలి.

వేలమందికి వండేటప్పుడు అన్నీ నిండు పక్షులే కాల్చరు. ఎముక తీసిన రొమ్ములు వేరుగా, ఆవిరీ వేడిగాలీ కలిసి పనిచేసే పెద్ద ఓవెన్లలో వండుతారు. నిండు పక్షి బఫేలో కళ్ళకి కనబడేలా పెట్టి కోస్తారు.  సరుకు బయలుదేరిన రేవులో ఒక్కసారే ఎక్కుతుంది, కాబట్టి గురువారం సాయంత్రం నాలుగింటికి కొత్త కోరిక చెబితే చేయడానికి చేయి ఖాళీ ఉండదు, కొన్నిటికి సరుకూ ఉండదు.

ఇక శాకాహారి సంగతి. థాంక్స్‌గివింగ్ బల్ల మీద టర్కీ పక్కన ఉండేవన్నీ చూడటానికి కూరగాయలే. వాటిలోనే చిక్కు. స్టఫింగ్ అంటే రొట్టెముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు, వెన్న. తడిపేది మాత్రం సాధారణంగా కోడి ఎముకల రసంతో, కొన్నిచోట్ల మాంసపు సాసేజ్ కూడా కలుపుతారు. గ్రేవీ టర్కీ కారిన కొవ్వుతోనే మొదలవుతుంది. మెత్తగా చిదిమిన బంగాళాదుంపలో వెన్న, పాలు ఉంటాయి, ఎముకల రసం కలిపారేమో అడగాలి. ఓవెన్‌లో కాల్చే చిలగడదుంప కాసరోల్ మీద కరిగించిన మార్ష్‌మాలోలు అనే మెత్తటి మిఠాయిలు జెలటిన్‌తో చేసినవి, జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు ఉంటుంది. 'పై' అంటే పిండిపెంకులో తీపి నింపి కాల్చేది, పంప్‌కిన్ పై, పెకాన్ పై రెండిట్లోనూ గుడ్డు తప్పదు. ఈ పైల పిండిపెంకులో వెన్న బదులు పందికొవ్వు వాడే పద్ధతీ ఉంది. ఆపిల్ పైలో లోపలి పండుకి గుడ్డు అక్కర్లేదు గానీ పైపొర మెరవడానికి గుడ్డుసొన రాస్తారు.

బీన్స్ కాసరోల్ మాత్రం చాలావరకు శాకాహారి స్నేహితుడు. 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటగదిలో డోర్కస్ రైలీ తయారుచేసిన వంట ఇది. గ్రీన్ బీన్స్, చిక్కటి పుట్టగొడుగుల సూపు, పాలు కలిపి పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు చల్లి ఓవెన్‌లో పెడతారు. ఓడలో సూపు సొంతంగా కాస్తే అందులో ఏ రసం పోశారో ఒక మాట అడిగితే చాలు.

అన్నిటికంటే నమ్మకమైనది క్రాన్‌బెర్రీ సాస్. 12 ఔన్సుల పళ్ళు, ఒక కప్పు పంచదార, ఒక కప్పు నీళ్ళు, పళ్ళు చిట్లేదాకా పది నిమిషాలు మరిగిస్తే అయిపోతుంది. పండులోనే పెక్టిన్ ఎక్కువ కాబట్టి చల్లారాక దానంతటదే గట్టిపడుతుంది. పులుపు మన వాక్కాయకి దగ్గర. దీన్ని జామ్‌లా రొట్టెకి రాసుకోవడం కాకుండా, చిదిమిన బంగాళాదుంపతోనో, బీన్స్‌తోనో కొద్దికొద్దిగా నంజుకుంటే తెలుగు నోటికి పండగ భోజనం అర్థమవుతుంది.

హెడ్ వెయిటర్‌కి చెప్పేటప్పుడు 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట సరిపోదు. గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, కోడి లేదా గొడ్డు ఎముకల రసం వద్దు, చేప వద్దు అని విడివిడిగా చెప్పాలి. 'వీగన్' అని చెబితే పాలు, పెరుగు, నెయ్యి కూడా పోతాయి, ఆ మాట అనవసరంగా వాడొద్దు. పడనివి ఉంటే అది ఇష్టాయిష్టాల కింద కాకుండా అలర్జీగానే చెప్పాలి. పెకాన్, వాల్‌నట్ ఉన్న పైలు ఈ రాత్రి అన్ని బల్లల మీదా తిరుగుతాయి.

చాలా ఓడల వంటశాలల్లో భారతీయ వంటవాళ్ళు ఉంటారు. ముందురోజు రాత్రి అడిగితే పప్పు, అన్నం, ఒకటో రెండో కూరలు బల్లకి తెచ్చిపెడతారు. ఎంతమందికి, కారం ఎంత, ఉల్లి వెల్లుల్లి ఉండొచ్చా అన్న మూడూ చెప్పాలి. వచ్చేది ఎక్కువగా ఉత్తరాది వంట, జీలకర్ర అన్నం, పనీర్, ఆలూ గోబీ. చారు, పులుసు ఆశించొద్దు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని పెద్దలకి పొద్దున ఫలహారాల దగ్గర పెట్టే సాదా పెరుగు దారి చూపిస్తుంది. పళ్ళ రుచుల పెరుగుల్లో కొన్నిటికి జెలటిన్ కలుపుతారు, సాదాదే అడగాలి. నిన్న చెప్పినవాళ్ళకి ఈ రాత్రి అది అన్నంతో కలిపి చల్లగా వచ్చింది.

ఇంటి నుంచి తెచ్చుకునే విషయం ఒక్క మాటలో: కంపెనీ సీలు వేసిన కందిపొడి, కరివేపాకు పొడి పొట్లాలు సాధారణంగా రానిస్తారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా, పులిహోర డబ్బా, రైస్ కుక్కర్, నీళ్ళు కాచే రాడ్డు రానివ్వరు. కుక్కర్, రాడ్డు మంటల భయానికి, వండిన తిండి ఆరోగ్య నిబంధనలకి. ఓడలోని పండు గానీ, టర్కీ శాండ్‌విచ్ గానీ కొజుమెల్‌లో దించకూడదు, ఆదివారం గాల్వెస్టన్‌లోనూ దించకూడదు.

ఈ రోజు గడియారం విషయంలో జాగ్రత్త అవసరమైంది. కొజుమెల్ ఉన్న కింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఈస్టర్న్ సమయం పాటిస్తుంది. గాల్వెస్టన్ సమయం మార్చని ఓడ నవంబరులో దానికంటే గంట వెనక ఉంటుంది. ఫోను ఒడ్డు టవర్‌ని పట్టుకోగానే సమయం దానంతటదే మారిపోతుంది. తిరిగి ఎక్కాల్సిన వేళ ఓడ సమయం ప్రకారమే. చేతి గడియారం పెట్టుకోవడం మేలు. మేసీస్ దుకాణం వాళ్ళు ఏటా జరిపే పండగ ఊరేగింపు న్యూయార్క్‌లో ఎనిమిదిన్నరకి మొదలైతే ఓడ గడియారంలో ఏడున్నర. డెక్ మీది పెద్ద తెర ముందు తువ్వాళ్ళు కప్పుకుని పిల్లలు అప్పటికే చేరారు. 1924లో మొదలైన ఊరేగింపు అది. మధ్యాహ్నం నుంచి డెట్రాయిట్, తర్వాత డాలస్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు. డాలస్ మ్యాచ్ జరిగే వేళ టెక్సస్ వాళ్ళతో నిండిన ఓడలో బార్ దగ్గర కుర్చీ దొరకదు, డైనింగ్ రూమ్ మొదటి పంక్తి మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. పెద్దవాళ్ళతో ఉన్నవాళ్ళకి అదే సరైన వేళ.

బల్ల ఇతరులతో పంచుకుంటే ముందు చిన్న ప్రార్థన ఉండొచ్చు. అది అయ్యేదాకా చెంచా ఎత్తకపోతే చాలు. తర్వాత ఒక్కొక్కరూ ఈ ఏడాది దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెబుతారు, మన వంతూ వస్తుంది. ఒకటి రెండు మాటలు నిజంగా చెబితే బావుంటుంది. పండగ పుట్టుక గురించి పిల్లలు అడిగితే సగం కథ చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వలసవచ్చినవాళ్ళు, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజలు కలిసి తిన్న విందు ఉంది. 1863లో థాంక్స్‌గివింగ్ జరపమన్న అధ్యక్షుడు లింకన్ ప్రకటన ఉంది, నాలుగో గురువారాన్ని ఖాయం చేసిన 1941 చట్టం ఉంది. 1970 నుంచి ఇదే రోజున అదే ప్లిమత్‌లో ఆదివాసులు సంతాప దినం పాటిస్తున్నారన్నదీ ఉంది. నాలుగూ చెప్పాలి. పదేళ్ళ పిల్లలకి అర్థమవుతుంది.

వీసా ముచ్చట ఈ ప్రయాణానికి ప్రత్యేకంగా రాసుకోవాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు ముగిసినా, చెల్లే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉన్నవాళ్ళు మెక్సికోకో కెనడాకో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగి రావడానికి 'ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్' అనే వెసులుబాటు ఉంది. ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకి దగ్గరి కరీబియన్ దీవులకి కూడా వర్తిస్తుంది, క్యూబాకి తప్ప. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ళకి మెక్సికో, కెనడాలే. ఈ ఓడ రోఅటాన్‌లో ఆగింది కాబట్టి ఆ వెసులుబాటు ఎవరికీ పనికిరాదు. మెక్సికో ఒక్కటే అనుకుని టికెట్టు కొనేముందు ఆగే రేవులన్నీ చదవాలి. చదువుకునే పిల్లలు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఏడాది లోపుదేనా అన్నది చూసుకోవాలి.

ఈ కాలంలో మెక్సికో గల్ఫ్ మీదికి ఉత్తరం నుంచి చలిగాలులు దిగుతాయి. బరువైన భోజనం తర్వాత ఓడ ఊగితే కడుపులో తిప్పుతుంది. సముద్రం రేగుతుందని ముందే తెలిస్తే, తిప్పకుండా వేసుకునే మాత్రని ఊగుడు మొదలవడానికి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం లేదు. దానికి నిద్ర వస్తుంది, మద్యం కలపకూడదు. కిందిడెక్‌లో, ఓడ మధ్యలో ఊగుడు తక్కువ. బఫేకి వెళ్ళేముందు చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాలి, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

వడ్డించినవాళ్ళు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా వాళ్ళు. ఇది వాళ్ళ పండగా కాదు, వాళ్ళకి సెలవూ కాదు. సముద్ర కార్మికుల 2006 ఒప్పందం ప్రకారం రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలి. మిగిలిన సమయంలో ఎంత పని పడుతుందో ఈ రాత్రి వాళ్ళ నడక చూస్తే తెలుస్తుంది. రోజువారీ టిప్ తలకి ఇంతని ఖాతాలోనే పడుతుంది, అది తీయించుకోవద్దు. ప్రత్యేకంగా వండించుకున్నవాళ్ళు శనివారం రాత్రి కవరులో పెట్టి చేతికివ్వాలి, ఆదివారం పొద్దున వాళ్ళు కనబడరు. ఓడ దిగాక వచ్చే సర్వే ఫారంలో పేరు రాయడం ఇంకా ముఖ్యం. వాళ్ళకి దక్కే గుర్తింపు ఆ పేర్లను బట్టే. బ్యాడ్జి చూసి పేరు, దేశం, బల్ల నంబరు ఈ రాత్రే ఫోనులో రాసిపెట్టుకోవాలి. పెరుగన్నం తెచ్చినాయన పేరు రాసేశాను, కూర వండినావిడ పేరు రేపు అడగాలి.