ఈసెట్ లాస్ట్ ర్యాంకులు: కావలి నుంచి ఒంగోలు వెళ్లి డిప్లొమా చదివినవాడి మాట

డిప్లొమా అయ్యాక నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరడానికి రాసే ఈసెట్‌కు పుస్తకం తెరవకముందే మనవాళ్లు చేసే పని పోయినేడాది లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే పట్టిక, దించుకోవడం. నేనూ దించుకున్నాను, మీరూ దించుకోండి. కానీ ఆ అంకెలు ఎలా పుడతాయో తెలియకుండా చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

డిప్లొమా వాళ్లను బీటెక్ సెకండియర్‌లో చేర్చుకోవడానికి మంజూరైన సీట్ల మీద అదనంగా 10 శాతం ఇస్తారు. 60 సీట్ల ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్) సెక్షన్‌కు 6 సీట్లు. ఆ ఆరింట్లోనే 85 శాతం ఆ యూనివర్సిటీ ఏరియాలో చదివిన లోకల్ వాళ్లకు, కులాల వారీ రిజర్వేషన్, అమ్మాయిలకు మూడో వంతు. ఇన్ని రకాలుగా పంచాక పట్టికలో ఒక్కో గడికి వచ్చేది మహా అయితే ఒకటి రెండు సీట్లు, చాలా గడులకు అదీ రాదు. అంటే 'బీసీ-డి బాయ్స్' అన్న గడిలో కనిపించేది చాలాసార్లు ఒకే ఒక్క కుర్రాడి ర్యాంకు. వాడు ఇంకో కాలేజీ ముందు పెట్టుకుని ఉంటే ఆ అంకే మారిపోయేది. పైగా ఫస్టియర్‌లో నిండని సీట్లు కూడా మనకే కలుస్తాయి, అవి ఏటా ఒకేలా ఉండవు. అందుకే ఒక్క ఏడాది అంకె పట్టుకుని కూర్చోవద్దు, మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి.

కంప్యూటర్స్ వాళ్లు ఇంకొకటి గమనించాలి. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. సెక్షన్లు పెరిగిన చోట మన 10 శాతమూ పెరుగుతుంది. అక్కడ 2022 ర్యాంకు చూసి భయపడటం దండగ.

మన రెండు జిల్లాల వాళ్లకు అసలు మెలిక లోకల్ ఏరియా. పాత నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) కిందికి, పాత ప్రకాశం జిల్లా ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) కిందికి వస్తాయి. నేను పది వరకు కావలిలో, డిప్లొమా ఒంగోలులో. చివరి నాలుగేళ్లు వరసగా ఒకే ఏరియాలో లేవు కాబట్టి చివరి ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడో లెక్కపెడతారు: ఏడు నుంచి పది దాకా నాలుగేళ్లు కావలి, మూడేళ్లు ఒంగోలు. నేను ఎస్వీయూ లోకల్. నా బెంచీలోనే కూర్చున్న సింగరాయకొండ కుర్రాడు ఏయూ లోకల్. కాకినాడ జేఎన్‌టీయూ నాకు లోకల్ పోగా మిగిలిన 15 శాతం కోటాలోనే, అనంతపురం జేఎన్‌టీయూ వాడికి అలాగే. ఇద్దరం ఒకే కాలమ్ చూసుకుంటే కుదరదు కదా! సీనియర్ ర్యాంకు చెప్పినప్పుడు బ్రాంచ్ ర్యాంకా, అన్ని బ్రాంచ్‌లనూ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ ర్యాంకా, ఏ ఏరియా అని అడగండి.

చదువు సంగతికొస్తే, 200 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. కోర్ (మన బ్రాంచ్ సబ్జెక్టులు) 100, మ్యాథ్స్ 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25. కోర్‌లో బాగా చదివే వాళ్లందరికీ మార్కులు దగ్గర దగ్గరగానే వస్తాయి. ర్యాంకు తేడా మ్యాథ్స్‌లో తేలుతుందని నా అభిప్రాయం. ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రోజూ చేశాను. ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కృష్ణపట్నం వైపు పడింది, ముత్తుకూరు బస్సులో ఫార్ములాలు చూసుకునేవాణ్ణి. కెమిస్ట్రీకి ఫస్టియర్ పుస్తకం దాటలేదు.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో పోయినేడాది ర్యాంకు చూసి నచ్చిన కాలేజీ తీసేయకండి. ఇష్టమైన వరసలో పెట్టుకుంటూ పోండి, ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. కావలి, ఉలవపాడు, కందుకూరు వైపు నుంచి జిల్లా దాటి చదివినవాళ్లు ఏడో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు వేసవి సెలవులకు ముందే తెచ్చుకోండి. సెలవులిచ్చాక స్కూల్లో సంతకం పెట్టేవాళ్లు దొరకరు.