లాకులు దాటుతూ, పంటు కోసం ఆగుతూ

సైకిల్ టూర్ అనగానే మనవాళ్లకి మనాలి, లడఖ్ గుర్తొస్తాయి. నన్నడిగితే మొదలుపెట్టడానికి కోనసీమని మించింది లేదు. రాజమండ్రి నుంచి అంతర్వేదికి కారులో వెళ్తే దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు, నేను మాత్రం దారిలో రాత్రిళ్లు ఆగుతూ సైకిల్ మీద వెళ్తాను.

ధవళేశ్వరం దాటి బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు ఎక్కారంటే ఇక ఎత్తుపల్లాల బెంగ ఉండదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. డెల్టాలో పెద్ద కాలువల్ని మెరక మీద తవ్వుతారు, అప్పుడే నీళ్లు వాటంతటవే రెండు పక్కలా పొలాల్లోకి దిగుతాయి. అందుకే గట్టు మీద పోతుంటే చేలు కింద కనిపిస్తాయి. కాలువతో పాటే నేల కూడా సముద్రం వైపు వాలుతుంది గానీ, ఆ వాలు కాళ్లకి తెలియనంత తక్కువ. తెలిసేదల్లా గాలే. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి ఎదురుగాలి మొదలైతే గంటకి పది కిలోమీటర్లు పోవడం కూడా గగనమే. ఫోన్‌లో యావరేజ్ స్పీడ్ చూసుకునే అలవాటు నాకు అక్కడే పోయింది.

లొల్ల లాకులకి, అంటే కాలువ నీళ్లని ఆపి వదిలే గేట్లకి, దగ్గర్లోనే ఆత్రేయపురం. పూతరేకులు కొనుక్కుని వెళ్లిపోకండి, రేకు తీసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు ఎగదోస్తుంటారు. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగేస్తారు, అంతలోనే రేకు అంచులు లేస్తాయి. ఆ పొగలో, ఆ సెగలో రోజంతా కూర్చోవాలంటే ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది. డబ్బాలో చూస్తే ఏం తెలుస్తుంది?

ర్యాలిలో గుడి చూసుకుని కిందకి దిగుతుంటే దారి పొడవునా ప్రశ్నలే. "ఏ ఊరండీ మీది? సైకిలేంటండీ, బండి లేదా?" మొదట్లో ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు నేనే బ్రేకేసి మరీ కబుర్లు పెట్టుకుంటున్నాను. దారి అడిగితే చాలు, "ఆయ్, ఇలా గట్టెమ్మట పోతే సరిపోద్దండి" అంటూ ఇంకో నాలుగు ఊళ్ల సంగతులు కూడా చెప్తారు. కారు అద్దం దించి అడిగేవాడికి ఇంత కథ ఎవరు చెప్తారు!

పి.గన్నవరంలో కాలువ నీళ్లు వైనతేయ నదిని పైనుంచి దాటుతాయి, కింద ఏరు, పైన కాలువ. ఆ కొత్త అక్విడక్ట్‌కి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, ఆకలితో వచ్చిన బాటసారులకి వేళాపాళా చూడకుండా వండి పెట్టిన ఆవిడ. ఎండలో తొక్కి తొక్కి కడుపు మాడుతుండగా ఆ పేరు చదివితే వెంటనే భోజనం హోటల్ వెతుక్కోవాలనిపిస్తుంది. వెతుక్కున్నాను కూడా.

సైకిల్ గురించి అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను, ఖరీదైనది వద్దు. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు తగిలేలా ఉంటే చాలు. మామూలు సైకిలైతే స్పోక్ విరిగినా ట్యూబ్ పోయినా ఏ సెంటర్లోనైనా పనైపోతుంది. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, బుడగలొచ్చే చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తుపెట్టే తాతలు ఇంకా ఉన్నారు.

అంతర్వేది చూశాక వెనక్కి అదే దారిన రావక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠ అవతల నరసాపురం, అక్కడ రైలుంది. పంటు మనకోసం బయల్దేరదు, బళ్లు నిండాలి. రైలు టైముకి గంట ముందే రేవుకి చేరుకోండి. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు, కనుక వానాకాలం ఈ దారి పెట్టుకోకండి. ఎండాకాలం కూడా వద్దనే అంటాను, దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలకి నీళ్లు కట్టేస్తారు, బురద తప్ప చూడ్డానికేం ఉండదు. సంక్రాంతి వెళ్లిన వారం బాగుంటుంది, చుట్టాలంతా వెళ్లిపోయి ఉంటారు, లాడ్జీల్లో గదులు దొరుకుతాయి.