సోమవారం గోలీ

మా అమ్మ మందులన్నీ ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. పోయిన వేసవిలో జడ్చర్ల వెళ్ళినప్పుడు, ప్రయాణపు బడలిక తీరకముందే మా పెద్దమ్మాయి ఆ డబ్బాను చాప మీద బోర్లించింది. కత్తెరతో కత్తిరించిన షీటు ముక్కలు, పొట్లం కట్టిన నాలుగు తెల్లటి మాత్రలు, అడుగున గడ్డకట్టిన దగ్గు మందు సీసా, ఒక పసుపు కొమ్ము, రెండు పిన్నీసులు. పిన్నీసులనూ పసుపు కొమ్మునూ అమ్మమ్మకు అప్పగించి మిగతావాటిని పేర్చసాగింది. గడువు తేదీ కనబడేవి ఒక వరుస, తేదీ దాటినవి ఒక వరుస, తేదీ ఉన్న చివర కత్తెరకు పోయినవి మరో వరుస. ఈ మూడో వరుసే పొడవుగా తేలింది. మా అమ్మ గడప దగ్గర కూర్చుని, ఎవరో తన నగల పెట్టె తెరిచినట్టు చూస్తోంది.

"అమ్మమ్మా, నీ పుట్టిన తేదీ చెప్పు" అంది అమ్మాయి.

అమ్మ నవ్వింది. ఆమెకు తేదీ తెలియదు. కరువు పోయి వానలు పడిన ఏడాది పుట్టానంటుంది. ఆధార్ కార్డులో మాత్రం జనవరి 1 అని ఉంది. మా ఊళ్ళో ఆ వయసువాళ్ళు చాలామంది జనవరి 1న పుట్టినవాళ్ళే. మందు చేతిలో పెట్టే ముందు మనిషి ఎంత తెలిసినవారైనా పేరూ పుట్టిన తేదీ అడగాలని కాలేజీలో మొదటి వారమే నేర్పారట. అందుకని సొంత అమ్మమ్మకూ మినహాయింపు లేదు.

మా అమ్మాయి అట్లాంటా శివారులోని ఒక టెక్నికల్ కాలేజీలో ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఈ ఒక్క వాక్యం నలుగురికీ వినబడేలా చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అంతవరకూ ఎవరడిగినా "ఫార్మసీ చదువుతోంది" అనేదాన్ని. అబద్ధమేమీ కాదు. విన్నవాళ్ళు ఫార్మసిస్టు అయ్యే ఫార్మ్‌డీ చదువు అనుకునేవారు, నేను సరిదిద్దేదాన్ని కాదు. మేముండే చోట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా, గృహప్రవేశానికి వెళ్ళినా, విస్తరి చేతిలోకి రాకముందే పిల్లల కాలేజీ పేర్లు వస్తాయి. ఒకరిది పెద్ద విశ్వవిద్యాలయం, మరొకరిది అంతకన్నా పెద్దది. ఆ వరుసలో నిలబడి "టెక్నీషియన్" అనడానికి నోరు రాలేదు. మన దగ్గర ఆ మాట వినగానే ఫ్యాను బాగుచేసే అబ్బాయి గుర్తొస్తాడు.

అమ్మాయి మాత్రం మొదటి నుంచీ తేటగా చెప్పింది. నాలుగేళ్ళ అప్పు నెత్తిన వేసుకుని ఏదో ఒకటి చదివి, ఆ తర్వాత నచ్చలేదంటే అప్పుడు ఏం చేస్తావని నన్నే ఎదురు ప్రశ్న వేసింది. పైగా ఫీజులో పెద్ద భాగం జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ గ్రాంటు భరించింది. 1993లో మొదలైన ఈ హోప్ పథకాలకు డబ్బు వచ్చేది రాష్ట్ర లాటరీ నుంచి. ఆ సంగతి ఫోనులో చెప్తే మా అన్నయ్య, "అంటే ఎవరో ఓడిపోయిన డబ్బుతో నా మేనకోడలు చదువుతోందన్నమాట" అన్నాడు. అన్నయ్యకు జడ్చర్లలో మెడికల్ షాపు ఉంది. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ళ డీ ఫార్మసీ, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ, అన్నీ పూర్తిచేసి రిజిస్టరైన ఫార్మసిస్టు. మా ఇంట్లో మందుల విద్యకు పెద్దదిక్కు ఆయనే.

చదువు ఎలా ఉంటుందో నేను వంటగదిలో నుంచే చూశాను. ముందు లాటిన్ వచ్చింది. బి.ఐ.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.ఐ.డి. అంటే మూడుసార్లు, పి.ఆర్.ఎన్. అంటే అవసరమైనప్పుడు. ఆదివారం తెలుగు బడిలో మూడేళ్ళు కూర్చున్నా గుణింతం దాటని పిల్ల, ఈ లాటిన్ ముక్కలను ఎక్కాల్లా అప్పజెప్పింది. ఇప్పటికీ ల, ళ తేడా పలకదు, కలకూ కళకూ దానికి ఒకటే ఉచ్చారణ. కానీ హైడ్రాక్సిజిన్ దురదకు, హైడ్రాలజిన్ రక్తపోటుకు అని, ఆ రెండు పేర్లూ పక్కపక్కన కనబడితే చెయ్యి ఆగాలని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అలాంటి జంట పేర్ల జాబితా ఒకటి మా ఫ్రిజ్ తలుపు మీద ఆరు నెలలు వేలాడింది.

ఆ తర్వాత సున్నాలు వచ్చాయి. 5 మిల్లీగ్రాములను 5.0 అని రాయకూడదు, చుక్క కంటికి ఆనకపోతే 50 అవుతుంది. అర మిల్లీగ్రామును ఉత్త చుక్క పెట్టి .5 అని రాయకూడదు, 0.5 అనే రాయాలి, లేకపోతే ఎవరో 5 అని చదువుతారు. ఈ పట్టింపు నా సరుకుల చీటీల దాకా పాకింది. అర కిలో కందిపప్పు రాసేటప్పుడు ఇప్పుడు నేనూ ముందు సున్నా పెడుతున్నాను.

మాత్రలు లెక్కపెట్టడం చూడవలసిందే. పక్కన చిన్న కాలువ ఉన్న పళ్ళెం, చేతిలో చదునైన చిన్న పలక. మాత్రలు పోసి, ఐదేసి చొప్పున ఆ పలకతో కాలువలోకి తోస్తుంది. ఐదు, పది, పదిహేను. చెయ్యి వాటిని తాకదు. ఇంట్లో శనగలతో సాధన చేసింది. నేను పోపు పెట్టే లోపల ముప్పై శనగలు, తొంభై శనగలు. తొంభైకి ఎనభై తొమ్మిది వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి.

ఆసుపత్రి ఫార్మసీలో శిక్షణకు వెళ్ళిన రోజుల్లో ఒక రాత్రి అన్నం తింటూ, "అమ్మా, మహబూబ్‌నగర్ అంటే మన ఊరి జిల్లానే కదా?" అంది. పెద్ద మందు సీసా లేబులు మీద, తయారైన చోటు దగ్గర ఆ పేరు చదివిందట. నా చేతిలో ముద్ద ఆగింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది, మందుల ఫ్యాక్టరీలున్నాయి. భూములు పోయిన రైతుల గోడు అప్పట్లో పత్రికల్లో చదివాం. ఫ్యాక్టరీలు ఎవరికోసం మాత్రలు చేస్తున్నాయో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. నా చిన్నతనంలో పాలమూరు అంటే ముంబై బస్సు. సంక్రాంతి పోయాక మూటా ముల్లే సర్దుకుని, ముసలివాళ్ళనూ పశువులనూ ఇంటి దగ్గర వదిలి వెళ్ళేవారు. మా నాన్న కూడా పెళ్ళికి ముందు గుంపు మేస్త్రీ వెంట కాలువ తవ్వకాలకు వెళ్ళినవాడే. ఎక్కడ ఎన్ని గంపల మట్టి మోశాడో మాకు కథలు కథలుగా చెప్పేవాడు. పని చిన్నదనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆ మాటను అట్లాంటాలో, వ్రతం భోజనాల దగ్గర, నాకు నేనే నేర్చుకున్నాను.

జడ్చర్లలో అడుగుపెట్టగానే అమ్మ మొదట చూసింది మనవరాలి చేతులు. గాజులు లేవు, గోళ్ళకు రంగు లేదు, నుదుట బొట్టు లేదు. "ఇదేమిటి బిడ్డా, బోసి చేతులు?" అంది నొచ్చుకుంటూ. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే అమ్మాయే తన వచ్చీరాని తెలుగులో వివరించింది. సెలైన్‌లో కలిపే మందులు, నరానికి ఎక్కించే మందులు తయారుచేసే గదిలోకి గాజులతో, ఉంగరాలతో వెళ్ళకూడదు. ముఖానికి పౌడరు, కుంకుమ ఏవీ ఉండకూడదు, ఆ రేణువులు రాలతాయి. మోచేతుల దాకా కనీసం ముప్పై సెకన్లు కడుక్కోవాలి. జుట్టుకు, నోటికి, కాళ్ళకు తొడుగులు వేసుకోవాలి. గాలిని వడగట్టి పంపే పెట్టె లాంటి బల్ల ముందు కూర్చుని, ఆ గాలికీ మందు సీసా మూతికీ మధ్య తన చెయ్యి అడ్డురాకుండా పని చేయాలి.

అమ్మ శ్రద్ధగా విన్నది. "అంతేనా? బోనం వండినట్టు" అంది. తలస్నానం చేసి, కొత్త కుండలో, ఎవరూ తాకకుండా, మాట్లాడితే తుంపర పడుతుందని మౌనంగా వండుతుంది మా అమ్మ. కాలేజీలో వారాలపాటు నేర్పిన దాన్ని అలా ఒక్క మాటలో అందుకుంది. అమ్మాయికి బోనం అంటే హైదరాబాద్ వీడియోల్లో చూసిన ఊరేగింపు మాత్రమే. ఆ రాత్రి అమ్మమ్మ పక్కన పడుకుని దాని గురించే అడుగుతూ ఉంది. సెలవులకు వచ్చాం కదా, గాజులు మాత్రం తెల్లారేసరికి చేతికెక్కాయి.

మర్నాడు సాయంత్రం అన్నయ్య కొట్లో కూర్చుంటానని తయారైంది. అక్కడ డాక్టరు చీటీలు చూసి తెల్లబోయింది. 1-0-1 అని ఉంటే నూట ఒకటి అనుకుందట. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని మామయ్య చెప్పాక, "ఇది లాటిన్ కన్నా బాగుంది" అని తన పుస్తకంలో రాసుకుంది.

ఇంతలో ఒక పెద్దావిడ వచ్చింది. మోకాళ్ళు చూపించి, "నొప్పికి ఏదైనా మంచి గోలీ ఇవ్వు బిడ్డా" అని అమ్మాయినే అడిగింది.

"నేను చెప్పకూడదండీ. మామయ్యను అడగండి."

"అమెరికాలో మందుల చదువే చదివావట కదా? ఈ మాత్రం తెలియదా?"

బల్ల మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. సిగ్గుతో అని ఒప్పుకుంటున్నాను. దానికి తెలియక కాదు. టెక్నీషియన్ మందు తీయవచ్చు, లెక్కపెట్టవచ్చు, లేబులు అంటించవచ్చు, బీమా కంపెనీతో గంటసేపు ఫోనులో కొట్లాడవచ్చు. ఏ మందు మంచిది, ఎందుకు, ఎంత అని రోగికి చెప్పకూడదు. అది ఫార్మసిస్టు పని. మనవాళ్ళ పిల్లలందరికీ ప్రతి ప్రశ్నకూ చెయ్యి ఎత్తమని నేర్పిస్తాం. నా కూతురు మాత్రం జవాబు తెలిసి నోరు మూసుకోవడం నేర్చుకుంది.

అన్నయ్య నవ్వలేదు. ఆ పెద్దావిడను రక్తపోటు ఉందా, కడుపులో మంట ఉందా, ఇంకేమైనా మందులు వాడుతోందా అని అడిగి, రెండు రోజులకు సరిపడా జ్వరం మాత్రలే ఇచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది. షట్టరు దించుతూ, "నీ కూతురిలా నేనూ మాట్లాడితే నా అమ్మకం సగానికి పడుతుంది" అన్నాడు. కాసేపాగి, "అయినా కొన్నిసార్లు అనాలి" అన్నాడు.

మళ్ళీ డబ్బా దగ్గరికి వస్తాను. మూడో వరుసలో ఒక చిన్న ముక్క దగ్గర అమ్మాయి వేలు ఆగింది. పేరులో సగమే మిగిలింది. కంటి దగ్గర పెట్టుకుని చూసి, "అమ్మమ్మా, ఇది ఎప్పుడు వేసుకుంటావు?" అంది. గొంతు మారింది. అది మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పొరపాట్లతో మనుషులు పోయారని వాళ్ళకు క్లాసులో చెప్పారట. ఈ మందు పుట్టుకలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాల బృందానికి భాగం ఉంది. నేను ఆ మాట మొదలుపెట్టబోతే అమ్మాయి చెయ్యి చూపించి ఆపింది.

"సోమవారం గోలీ అది" అంది అమ్మ నింపాదిగా. "సోమవారం ఒక్క పొద్దు ఉంటాను కదా. రాత్రి శివుడికి దండం పెట్టుకుని, తిని వేసుకుంటాను. డాక్టరు వారానికి ఒకటే అన్నాడు. రోజు మరిచిపోతానని మీ మామయ్యే దేవుడికి ముడిపెట్టాడు."

అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. అయినా సలహా ఏమీ చెప్పలేదు. మామయ్యకు ఫోను చేసి, చీటీ చదివించి, కొత్త షీటు కత్తిరించకుండా మొత్తంగా పంపమంది. అది వచ్చాక వేరే చిన్న సీసాలో పెట్టి, తెల్ల కాగితం అంటించి, పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. "సోమవారం ఎలా రాయాలి?" నేను చెప్పాను. వంకర అక్షరాలతో 'సోమవరం' అని రాసింది. దీర్ఘం ఎగిరిపోయింది. దిద్దబోతుంటే అమ్మ అంది, "నాకు చదువు రాదు కదా బిడ్డా, ఏది రాస్తే ఏమిటి?"

నిజమే, మాకిద్దరికీ ఆ సంగతి గుర్తులేదు. అమ్మాయి కాగితం పీకేసింది. కొత్తది అంటించి, దాని మీద మూడు అడ్డగీతలు గీసింది. మధ్యలో ఒక చుక్క. అమ్మ సీసాను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కళ్ళకద్దుకుంది.

అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్ ధ్రువపత్రానికి రాసే పరీక్షకు 90 ప్రశ్నలు, గంటా యాభై నిమిషాలు. అందులో పదింటికి మార్కులుండవు, ఏవో ముందు చెప్పరు. 1600కి 1400 వస్తే గట్టెక్కినట్టు. సెలవుల నుంచి తిరిగి వెళ్ళిన రెండు నెలలకు అమ్మాయి గట్టెక్కింది. రెండేళ్ళకోసారి ధ్రువపత్రం తిరిగి తీసుకోవాలి, అందుకు ఇరవై గంటల చదువు చూపించాలి. అమ్మకు ఫోనులో చెప్తే, "గోలీలు లెక్కపెట్టే ఉద్యోగమేనా?" అంది. అవునన్నాను. మర్నాటికి వీధి వీధంతా తెలిసిపోయింది. నేను ఏడాదిన్నర దాచిన మాటను మా అమ్మ పాలబ్బాయి మొదలుకొని అందరికీ పంచిపెట్టింది.

ఇప్పుడు మాకు సోమవారం పొద్దున పదకొండున్నర అయితే అక్కడ రాత్రి తొమ్మిది. ఆ వేళకు అమ్మాయి పని మధ్యలో బయటికి వచ్చి ఫోను చేస్తుంది. అప్పుడప్పుడు నన్నూ కలుపుతుంది.

"అమ్మమ్మా, పేరు చెప్పు." అమ్మ చెబుతుంది.

"పుట్టిన తేదీ?"

"జనవరి ఒకటి" అంటుంది అమ్మ, ఆపుకోలేని నవ్వుతో.