పొలంలో మరచిపోయిన పన: కోత పండుగ ధ్యానం

పంట కోసేటప్పుడు పొలంలో ఒక పన, అంటే కోసి కట్టిన కట్ట, మరచిపోతే, దాన్ని తెచ్చుకోవడానికి మళ్లీ వెనక్కి పోవద్దు. అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి ఉండాలి. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం 19వ వచనంలోని ఆజ్ఞ ఇది. కోత పండుగ రోజుల్లో చాలాసార్లు విన్నదే. అయినా ఈ ఏడు చదువుతుంటే ఒక సంగతి నన్ను పట్టుకుని వదలలేదు. అక్కడ తండ్రిలేని బిడ్డా, విధవరాలైన తల్లీ ఒకే పొలంలో ఉన్నారు. బిడ్డను వేరేచోట పెట్టి, తల్లిని ఇంకోచోట వదిలెయ్యమని దేవుడు చెప్పలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు పరిగె ఏరడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వేరుశనగ పీకేసిన చేలో, తెగిపోయిన బుడ్డలు మట్టిలోనే ఉండిపోతాయి. తల్లి కొడవలి మొనతో మన్ను పెళ్లగిస్తూ పోతుంటే పిల్లలు వెనకాలే ఏరి ఆమె కొంగులో వేస్తారు. గోళ్లనిండా ఎర్రమట్టి. మధ్యలో ఒక బుడ్డ ఒలిచి నోట్లో వేసుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. మంచి రైతు చూసీ చూడనట్టు పోతాడు. వాళ్లను పిలిచి వరుసలో నిలబెట్టడు, దణ్ణం పెట్టించుకోడు. బైబిల్లో రూతు అనే పేద విధవరాలు పరిగె ఏరిన బెత్లెహేము పొలంలో, ఆ పొలం యజమాని బోయజు ఇంకో అడుగు ముందుకేశాడు. రూతు ఏరుకోవడానికి కావాలనే కొన్ని పరకలు పడెయ్యండి, ఆమెను ఏమీ అనకండి అని పనివాళ్లకు చెప్పాడు. రూతు సాయంత్రం ఆ యవలు దులుపుకుని అత్త నయోమి ఉన్న ఇంటికే తీసుకుపోయింది. సాయం ఇంటిని నిలబెట్టింది.

మన ప్రాంతంలో దిక్కులేని పిల్లల సేవకు పాత చరిత్ర ఉంది. 1876–78 ధాత కరువులో తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని మిషన్ కాంపౌండ్లు చేరదీశాయి. ఆ పిల్లలకు తిరిగి వెళ్లడానికి ఇల్లే లేదు. అది ఆ కాలానికి తగిన దయ. తర్వాత హాస్టళ్లు వచ్చాయి, వాటికి విదేశీ స్పాన్సర్లు వచ్చారు. ఒక్కో పిల్లవాడికి ఒక నంబరు, ఒక ఫోటో, క్రిస్మస్‌కు ఒక ఉత్తరం. ఆ డబ్బుతో చదువుకుని టీచర్లు, నర్సులు అయినవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. ముక్కూముఖం తెలియని ఆ దాతల కోసం నేను ఈ రోజుకీ దేవుణ్ణి స్తుతిస్తాను.

కానీ దూరం నుంచి వచ్చే డబ్బు ఒక్కరోజులో ఆగిపోగలదు. పేద పిల్లలకు స్పాన్సర్లను వెతికిపెట్టే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థకు విదేశీ నిధుల అనుమతి దగ్గర చిక్కు వచ్చి 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. అప్పటికి దాని కింద సుమారు 1,45,000 మంది పిల్లలు ఉన్నారు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక విదేశీ విరాళం ఏదైనా ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఆఫీసు ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు. లెక్క గట్టిగా ఉండటం మంచిదే. నా మనసులో ఉన్నది వేరే ప్రశ్న. మన ఊరి బిడ్డ అన్నం ఎక్కడి నుంచి రావాలి? ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం దీనికి జవాబు చెబుతోంది. మూడేళ్లకొకసారి పంటలో పదో వంతు తీసి నీ ఊళ్లోనే ఉంచు, నీ ఊళ్లో ఉన్న తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందాలి అంటోంది.

అందుకే నాకు కోత పండుగ వేలంపాట అంటే అంత ప్రేమ. ఆరాధన అయ్యాక గుడి ముందర సజ్జల మూటలు, జొన్నకంకులు, కాళ్లు కట్టిన కోడిపుంజు, మంచి గుమ్మడికాయలు వరుసగా పెడతారు. సంఘపెద్ద గుమ్మడికాయ పైకెత్తి పాట మొదలుపెడతాడు. పాడుకున్నవాడు డబ్బు కట్టి, కాయను మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు, అది రెండోసారి వేలానికి వస్తుంది. పక్కనే మా సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి అమ్మల పిడికెడు బియ్యం డబ్బాలు ఉంటాయి. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పెట్టినవి. అందులో సోనామసూరి, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. కూలికి పోయే తల్లి తీసిన పిడికిలి ఏదో, ఉద్యోగస్తురాలు తీసింది ఏదో ఎవరూ వేరు చెయ్యలేరు.

ఈ బియ్యం, ఈ వేలం డబ్బు ముందుగా ఇంటి గడపకు చేరాలని నా నమ్మకం. తల్లి బతికే ఉండి, పేదరికం వల్ల మాత్రమే బిడ్డను హాస్టల్లో వదులుతుంటే, ఆ పేదరికం దగ్గరే మనం నిలబడాలి. 2015 బాలల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థలో ఉంచడం చివరి మార్గం అంటోంది. పిల్లల రక్షణ కోసం ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో, అర్హత ఉన్న పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పెట్టుకోవాలి. అయితే భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా అంటూ తిరగాలంటే ఆ తల్లికి ఎన్ని కూలి రోజులు పోతాయి! బస్సు చార్జీ పెట్టి ఆమెతో ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద పక్కన కూర్చునే సంఘం కూడా ఆమె కోసం పరకలు పడేస్తున్నట్టే. ఆ తర్వాత ఆమె చేత స్టేజీ మీద సాక్ష్యం చెప్పించాలని, పిల్లవాడి ఫోటో వాట్సాప్‌లో పెట్టాలని ఆశపడకూడదు. వాక్యంలో అలాంటిదేమీ లేదు.

కోత పండుగ వచ్చేసరికి మన పల్లెల్లో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. వానలు మొఖం చాటేస్తే జనం మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. వాళ్లతో పిల్లలు కూడా పోతే చదువు అక్కడితో తెగిపోతుంది. ఐగుప్తులో నువ్వు దాసుడిగా ఉన్న సంగతి జ్ఞాపకం చేసుకో, అందుకే ఈ పని చెయ్యమంటున్నాను అని పన గురించిన ఆ 24వ అధ్యాయంలోనే 22వ వచనం. మనలో చాలామంది అమ్మానాన్నలు అలా సుగ్గికి పోయి మనల్ని పెంచినవాళ్లే.

ఈ ఏడు బండ్లు కదలకముందే మా స్త్రీల మైత్రి ఇల్లిల్లూ తిరిగి, ఏ బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నాడో రాసుకుంటోంది. అవ్వ దగ్గర ఉండే పిల్లలకు నెలనెలా బియ్యం, నూనె, నోటుబుక్కులు ఆ అవ్వ చేతికే ఇస్తాం. ఊళ్లో చూసుకునేవాళ్లు ఎవరూ లేని పిల్లల్ని, వలసపోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో చేర్పించమని బడి హెడ్మాస్టరును అడుగుతాం, ఆదివారం వెళ్లి చూసొస్తాం, వాళ్ల అమ్మకు ఫోన్ కలిపిస్తాం. వేలంలో వచ్చిన డబ్బు ఉగాది దాకా ఈ పనికే అని సంఘం తీర్మానం చేసింది.