ఐదు మాత్రల భయం

నిన్న రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక, జాన్ కార్పెంటర్ 1978లో తీసిన ‘హాలోవీన్’ చిత్రాన్ని మళ్లీ చూశాను. సుమారు మూడు లక్షల డాలర్ల ఖర్చుతో, కాలిఫోర్నియా వసంతంలో చిత్రీకరిస్తూ, కథ జరిగే ఇల్లినాయ్ శరత్కాలాన్ని చూపించడానికి ఆకులకు రంగులు వేసి, ఒక షాట్ పూర్తికాగానే వాటిని ఏరి సంచుల్లో నింపి మరోచోట చల్లేవారని తెలిసినప్పటి నుంచి, వెనుక పచ్చగా నిలబడిన చెట్లు కూడా నాకు ఆత్మీయంగా కనిపిస్తున్నాయి. హంతకుడి ముసుగు రెండు డాలర్ల లోపే కొన్న, ‘స్టార్ ట్రెక్’ పాత్ర కెప్టెన్ కిర్క్ ముఖం. కంటి రంధ్రాలను పెద్దవి చేసి, తెల్లరంగు పూశారు. అందులో ఏ భావమూ లేకపోవడమే అసలు భయం.

అయితే నన్ను పట్టి ఉంచేది సంగీతం. దర్శకుడే కట్టిన ఆ బాణీ ఐదు మాత్రల లయలో నడుస్తుంది. చిన్నతనంలో తండ్రి ఆయనకు బోంగోలనే చిన్న జంట డ్రమ్ములపై నేర్పిన లయ అది. మన కర్ణాటక సంగీతంలోని ఖండచాపు తాళం లెక్కే, కానీ ఇక్కడ అది ఎక్కడా విశ్రాంతినివ్వదు. చివర ఖాళీ గదులు, మెట్లు, చీకటి ఇళ్లు ఒక్కొక్కటిగా కనిపిస్తూ ముసుగులోని ఊపిరి చప్పుడు వినిపిస్తుంటే, తెర నల్లబడ్డాక కూడా చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.