స్పీకింగ్‌లో 7.5 తెచ్చిపెట్టిన 'రన్'

నిన్న సాయంత్రం ఐఈఎల్‌టీఎస్ ఫలితం వచ్చింది, అదే, విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష. స్పీకింగ్‌లో 9కి 7.5. ఇదే స్పీకింగ్‌లో నాకు 6 దాటదని బ్యాచ్ అందరి ముందూ తేల్చేసిన మనిషి ఒకరున్నారు కాబట్టి సంతోషం రెట్టింపయింది. ఇంగ్లీషు జాతీయాలతో కుస్తీ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని వేడి వేడిగా రాసేస్తున్నాను.

రిజిస్ట్రేషన్ ఏమంత పని కాదు, పాస్‌పోర్ట్ చేతిలో ఉంటే అయిపోతుంది. రీడింగ్ సాధన చేసేకొద్దీ వస్తుంది. రైటింగ్‌లో గంటలో రెండు రాయాలి, ఒకటి కనీసం 150 పదాలు, రెండోది 250. రెండోదానికే ఎక్కువ సమయం ఉంచుకోండి, మార్కులు దానికే ఎక్కువ. నన్ను ఏడిపించినవి ఇవేవీ కావు.

కోచింగ్ సెంటర్లో చేరగానే పిన్ను కొట్టిన కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టారు. అక్షర క్రమంలో ఇడియమ్స్, అంటే జాతీయాలు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' (కుండపోత వాన), 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' (ఎప్పుడో ఒకసారి), 'బ్రేక్ ఎ లెగ్'. పక్కన ఒక్క ముక్కలో అర్థం. ఎవరు ఎవరితో అంటారో, ఎక్కడ అనకూడదో లేదు. 'బ్రేక్ ఎ లెగ్' ఎదురుగా 'ఆల్ ద బెస్ట్' అని రాసి ఉంది. అది ముఖ్యంగా స్టేజి ఎక్కబోయే నటులకి చెప్పే మాట. ఆపరేషన్‌కి వెళ్తున్నవాళ్లతో అంటే ఎంత బాధపడతారు? ఆ సంగతి ఆ కాగితంలో ఉండదు.

ఇక ఆ మాక్ టెస్ట్. చాలా రోజులకి కలిసిన పాత స్నేహితురాలి గురించి చెప్పమన్నారు. తడుముకోకుండా చెప్పాను. బస్సులో ఆమె నా వెనక సీట్లోనే కూర్చుందని, గొంతు విని గుర్తుపట్టానని, దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఇద్దరం చూసుకోలేదని. సార్ పెన్ను కింద పెట్టి, "ఏమ్మా, ఒక్క ఇడియమ్ అయినా ఉందా ఇందులో? ఇది చిన్నపిల్లల ఇంగ్లీషు. ఇలా మాట్లాడితే 6 దాటదు" అన్నారు. అక్కడితో వదల్లేదు. నన్ను నిలబెట్టి, ఆ కట్టలోంచి మూడు ఇడియమ్స్ పైకి చదివించి, వాటిని ఎక్కడో ఒకచోట ఇరికించి మళ్లీ చెప్పమన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గొంతు పూడుకుపోతుంటే చెప్పాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు. ఏం బాగుంది? బస్సూ పోయింది, స్నేహితురాలి గొంతూ పోయింది, నీలం రంగు చందమామ మాత్రం మిగిలింది. చదువు చెప్పేవాళ్లు నలుగురిలో మనిషిని ఇలా చిన్నబుచ్చకూడదు. నేర్చుకోవాలన్న కోరికే చచ్చిపోతుంది.

అదే వారం లిజనింగ్ ప్రాక్టీసులో ఒక రికార్డింగ్ విన్నాం. ఏదో కోర్సు గురించి ఒకామె చెబుతోంది. ద కోర్సు రన్స్ ఫర్ సిక్స్ వీక్స్. వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ ఫారమ్స్. ఐ విల్ రన్ ఆఫ్ సమ్ కాపీస్. లెట్స్ రన్ త్రూ ద టైమ్‌టేబుల్. కోర్సు ఆరు వారాలు, ఫారాలు అయిపోయాయి, కాపీలు తీస్తాను, టైమ్‌టేబుల్ ఒకసారి చూసేద్దాం అని. అందులో ఎవరూ పరిగెత్తలేదు. కోర్సు పరిగెత్తడమేమిటి, ఫారాలు పరిగెత్తడమేమిటి? సార్‌ని అడిగాను. "అది ఇడియమ్ అమ్మా, లాజిక్ వెతక్కు, బట్టీ పట్టు" అన్నారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో 'సెట్' అనే క్రియకి 430 అర్థాలున్నాయి. తర్వాతి సవరణలో 'రన్' దాన్ని దాటి 645కి చేరింది. ఇన్ని ఎవరు బట్టీ పడతారు?

ఆ రాత్రి కోపంతో నిద్ర పట్టక మంచం మీద దొర్లుతుంటే మన 'కొట్టడం' గుర్తొచ్చింది. ఈత కొడతాం, కన్ను కొడతాం, గొప్పలు కొడతాం. పాత బట్టలు కంపు కొడతాయి, ప్రసంగం బోరు కొడుతుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు! ఇవన్నీ మనకి ఏ కట్టా చూడకుండానే వచ్చాయి, వాడేవాళ్ల నోట విని వచ్చాయి. 'రన్' కూడా అలాంటిదే కదా అనిపించింది.

మర్నాడే ఆ కట్ట అటక మీద పడేసి కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఒక్కో క్రియకి ఒక్కో పేజీ. జాతీయం ఒక్కటే రాసుకోకూడదు, విన్న వాక్యం మొత్తం రాయాలి, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాయాలి. 'రన్' పేజీ నిండేసరికి చాలావాటిలో ఒకటే దారం కనిపించింది, ఆగకుండా సాగడం. కుళాయి నీళ్లు, జలుబు చేసిన ముక్కు, మెషీను, కోర్సు, వ్యాపారం అన్నీ రన్ అవుతాయి. మనకి వ్యాపారం నడుస్తుంది, వాళ్లకి పరిగెడుతుంది, అంతే తేడా. ఒక గుణం తాత నుంచి మనవడి దాకా వస్తే 'ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ'. ఆ పక్కన చేరే బుల్లి మాట మీద మాత్రం కన్నేసి ఉంచాలి. 'అవుట్' చేరితే ఉన్నది అయిపోయింది. స్నేహితురాలు అనుకోకుండా ఎదురైతే 'రన్ ఇంటు'. 'రన్ ఓవర్' అంటే ఆమె మీదనుంచి బండి పోనిచ్చినట్టు!

'బ్రేక్' పేజీ కూడా బాగా కుదిరింది. కొత్తవాళ్ల మధ్య బిగుసుకున్న మౌనం పోగొడితే 'బ్రేక్ ది ఐస్', చెప్పలేని కబురు చెప్పాల్సి వస్తే 'బ్రేక్ ద న్యూస్'. 'బ్రేక్ ఈవెన్' ఒక్కటి దేనికీ అతకలేదు. లాభం నష్టం రెండూ లేకుండా బయటపడటం అని అలాగే గుర్తుపెట్టుకున్నాను. అన్నిటికీ దారం దొరకదు, దొరకనివాటితో కూర్చోకండి.

ఇంకో పని తప్పకుండా చేయండి. పరీక్షవాళ్లు బయటపెట్టిన బ్యాండ్ డిస్క్రిప్టర్లు, అంటే ఏ స్కోరుకి ఎలా మాట్లాడాలో చెప్పే కాగితం, మీరే చదవండి. స్పీకింగ్‌లో నాలుగు అంశాలకి సమానంగా మార్కులు, అందులో పదజాలం ఒకటి. 7 రావాలంటే అరుదైన మాటలు, జాతీయాలు కొన్ని వాడగలగాలి, అక్కడక్కడ తగని మాట దొర్లినా పర్వాలేదు అనే ఉంది. ఇన్ని ఇరికించాలని ఎక్కడా లేదు. మా సెంటర్లో ఈ కాగితం ఎవరూ చూపించలేదు. డబ్బు కట్టించుకుని అసలైనది దాచడం అన్యాయం.

పరీక్ష రోజు స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, అంతా రికార్డవుతుంది. ఆలస్యమైన ఒక సందర్భం గురించి మాట్లాడమని కార్డు ఇచ్చారు, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం. 'రన్నింగ్ లేట్' దానంతట అదే వచ్చింది. ఫోన్లో చార్జింగ్ అయిపోయిందన్నప్పుడు 'రన్ డౌన్', దారిలో చిన్నప్పటి టీచర్ కనిపించారన్నప్పుడు 'రన్ ఇంటు'. ఆ కట్టలోది ఒక్కటీ వాడలేదు. ఎగ్జామినర్ మొహంలో ఏమీ కనిపించదు, దానికి టెన్షన్ పడకండి. ఈ మాటల్లో చాలావరకు కబుర్ల మాటలు కాబట్టి రైటింగ్ రెండో వ్యాసంలోకి మాత్రం తీసుకెళ్లకండి.

పొద్దున సార్ ఫోన్ చేశారు. స్కోర్‌కార్డు, ఫోటో పంపమ్మా, గోడ మీద పెడతాం అన్నారు. ఆ ఇడియమ్స్ కట్ట ఆపేసి, బ్యాండ్ డిస్క్రిప్టర్లు క్లాసులో అందరికీ పంచితే అప్పుడు పంపుతానని చెప్పాను. చూద్దాం అని పెట్టేశారు.